ఎంట్రీ లెవెల్ రోడ్డు సైకిల్ తర్వాత ఏది కొనాలి: అనంతపురం చుట్టుపక్కల రోడ్లను దృష్టిలో పెట్టుకొని ఎంచుకునే పద్ధతి

ఎంట్రీ లెవెల్ రోడ్డు సైకిల్‌ను ఏడాదో రెండేళ్ళో తొక్కి, ఇంకా మంచిది కొనాలనుకునేవారు అడిగే ప్రశ్న దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: "ఈ రెండింటిలో ఏది తీసుకోమంటారు?" ఒకదానికి కార్బన్ ఫ్రేము ఉంటుంది, రెండోదానికి మంచి గేర్లు ఉంటాయి, ధర ఇంచుమించు ఒకటే. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా జవాబు తేలదు. అడిగినవారి మెడ నొప్పి ఏ కిలోమీటరు దగ్గర మొదలవుతుందో, వారు ఏ మిట్ట దగ్గర సైకిల్ దిగి నడిచారో, నెలకు ఎన్ని పంక్చర్లు పడుతున్నాయో తెలిస్తేనే తేలుతుంది.

అందువల్ల ఈ మార్గదర్శిలో ముందు మీ గురించి, మీ రోడ్ల గురించి తెలుసుకునే పనులు, ఆ తర్వాతే సైకిల్‌ను చూసే పనులు వస్తాయి. దయచేసి ఈ వరుస మార్చకండి. ఒంటికి సరిపడే కొలత, వెడల్పాటి టైరుకు చోటు, తగినంత తేలిక గేరు అనే మూడింటినీ ముందు ఖాయం చేసుకోవాలని, ఫ్రేము పదార్థం, బరువు, గేర్ల సంఖ్య వాటి తర్వాతే చూడాలని నా గట్టి అభిప్రాయం. అనంతపురంలో ఉండి రాస్తున్నా, కర్నూలు, కడప వైపు తొక్కేవారికి తేడా వచ్చేచోట విడిగా చెప్పాను.

1. ముందు పాత సైకిల్‌ను బాగుచేసి రెండు వారాలు తొక్కండి

పాత సైకిల్ మీద విసుగు పుట్టడానికి చాలాసార్లు అరిగిన చైను, తుప్పు పట్టిన కేబుళ్ళు, ఎత్తు కుదరని సీటే కారణం. వాటిని సరిచేయకుండా కొత్తది కొంటే, పాతదానిలో నిజమైన లోపం ఏమిటో మీకు ఎప్పటికీ తెలియదు. ఈ నాలుగు పనులు చేయండి.

- చైను: 12 అంగుళాల ఉక్కు స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టి చూడండి. కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాల దగ్గర మరో పిన్ను మధ్యభాగం వస్తుంది. అది అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటి ఉంటే వెనుక పళ్ళచక్రాలు కూడా అరిగిపోయినట్టే.
- గేరు కేబుళ్ళు: లోపలి తీగతో పాటు బయటి తొడుగును కూడా మార్చండి. మన దుమ్ము తొడుగులోనే పేరుకుంటుంది.
- సీటు ఎత్తు: చెప్పులు లేకుండా గోడకు ఆనుకొని నిలబడి, గజ్జల దగ్గర పుస్తకాన్ని గట్టిగా పైకి నొక్కి పెట్టి, నేల నుంచి దాని అంచు వరకు కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే పెడల్ ఇరుసు (పెడళ్ళను మోసే క్రాంకు కడ్డీలు తిరిగే, ఫ్రేము అడుగున ఉండే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు వస్తుంది. కాలి కొలత 80 సెం.మీ. అయితే సీటు ఎత్తు సుమారు 70.6 సెం.మీ. దీన్ని మొదటి అంచనాగానే తీసుకొని, అక్కడి నుంచి కొద్దికొద్దిగా సర్దుకోవాలి.
- టైర్లు: ఫ్రేములో పట్టినంత వెడల్పువి వేసి, గాలి కొద్దిగా తగ్గించి చూడండి.

రెండు వారాల్లో విసుగు పోతే డబ్బు దాచుకొని, వచ్చే ఏడాది మళ్ళీ ఆలోచించండి. ఫ్రేము కొలత, టైరుకు చోటు లేకపోవడం, వెనుక గేర్ల చక్రం హబ్ (చక్రం నడిమి భాగం) మీద మర తిప్పి బిగించే పాత రకం కావడం అనేవి బాగుచేయడానికి వీలులేనివి. ఆ పాత రకం హబ్బులో బేరింగులు ఇరుసు చివర నుంచి లోపలికి ఉంటాయి కాబట్టి, బరువు పడినప్పుడు ఇరుసు వంగే అవకాశం ఎక్కువ.

తరచుగా చేసే పొరపాటు: పాత ఫ్రేముకే ఖరీదైన గేర్ల సెట్టు బిగించడం. షిఫ్టర్లు (గేరు మార్చే మీటలు), డీరైలర్లు (చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరోదానికి నెట్టేవి), క్రాంకు, చక్రాలు అన్నీ విడివిడిగా కొంటే ఖర్చు కొత్త సైకిల్‌కు దగ్గరగా వస్తుంది, ఫ్రేము మాత్రం పాతదే మిగులుతుంది.

2. నెల రోజుల రైడ్లను కాగితం మీద రాయండి

ఈ పని చేయమంటే చాలామంది దాటవేస్తారు. కానీ నిర్ణయంలో సగం ఇక్కడే తేలుతుంది. ప్రతి రైడు తర్వాత ఐదు సంగతులు రాయండి: దారి, గాలి ఎటు వీచింది, వాడిన అన్నిటికంటే తేలిక గేరు, నొప్పి ఎక్కడ, ఎన్నో కిలోమీటరులో మొదలైంది, పంక్చర్ పడితే గుచ్చుకున్నది ఏమిటి. నా పుస్తకంలోని ఒక పేజీ ఇలా ఉంది: "తాడిపత్రి రోడ్డు, రానూపోనూ 62 కి.మీ. పోయేటప్పుడు గాలి వెనుక నుంచి, వచ్చేటప్పుడు ఎదురు. 40వ కి.మీ. నుంచి మెడ. రెండు పంక్చర్లు, రెండింటిలోనూ సన్నటి ఉక్కు తీగ ముక్క."

ఆ తీగ ముక్కలు లారీ టైర్లు పగిలినప్పుడు రోడ్డు పక్కన రాలేవి. వెంట్రుక మందం ఉంటాయి, కంటికి ఆనవు. ట్యూబు మార్చి, టైరు లోపల వేలితో తడిమి చూడకుండా బిగిస్తే, పది నిమిషాల్లో అదే చోట మళ్ళీ గాలి పోతుంది. నాకు ఆ రోజు రెండోసారి పడింది అలాగే.

నెల రోజుల రాతను ఇలా చదువుకోవాలి.

నొప్పి ఎక్కువ పేజీల్లో కనిపిస్తే మీ సమస్య కొలత, అప్పుడు 3వ అంశం మీకు ముఖ్యం. పంక్చర్లు ఎక్కువైతే టైర్లు, 5వ అంశం. వెనుక అన్నిటికంటే పెద్ద పళ్ళచక్రం మీదే ఎప్పుడూ ఉండి, ఇంకా తేలిక గేరు ఉంటే బాగుండేదని అనిపిస్తే గేర్లు, 6వ అంశం. ఎదురుగాలిలో వేగం పడిపోవడమే అసలు బాధ అయితే ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే మన ప్రాంతంలో చాలామంది ఈ బాధకు తప్పుడు మందు వేసుకుంటారు.

జూన్ నుంచి ఆగస్టు దాకా అనంతపురం జిల్లాల్లో పడమటి గాలి ఎంత బలంగా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. రామగిరి కొండల మీద, వజ్రకరూరు వైపు గాలిమరలు వెలసింది ఆ గాలిని నమ్ముకొనే. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి (వేగం రెట్టింపైతే నాలుగింతలు) పెరుగుతుంది, సైకిల్ తేలికగా ఉన్నంత మాత్రాన తగ్గదు. ఎదురుగాలిలో పనికివచ్చేది హ్యాండిల్ కింది వంపులు పట్టుకొని, మోచేతులు మడిచి, అరగంట నొప్పి లేకుండా ఉండగలగడం. అది కొలత కుదిరిన సైకిల్ మీదే సాధ్యం.

బరువు లెక్క కూడా ఒకసారి వేసుకుందాం. మనిషి, సైకిల్, నీళ్ళు కలిపి 85 కిలోలనుకుంటే, 2 కిలోలు తగ్గడం అంటే 2.4 శాతం. నిటారు ఘాట్ రోడ్డు మీద అరగంట పట్టే ఎక్కుడులో దాదాపు 40 సెకన్లు మిగులుతాయి. చదును రోడ్డు మీద ఆ తేడా తెలియదు. కడపవారికి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది, కర్నూలువారు దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కుతారు, కాబట్టి బరువు గురించి వారు ఆలోచించడంలో కొంత న్యాయం ఉంది. అనంతపురం నుంచి బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారి కంటికి చదునుగా కనిపించినా, సముద్రమట్టం నుంచి సుమారు 335 మీటర్ల ఎత్తు నుంచి సుమారు 920 మీటర్లకు, 210 కిలోమీటర్ల మేర మెల్లగా ఎగబాకుతుంది. "ఈ రోజు కాళ్ళు ఆడలేదు" అనుకొని వెనక్కి తిరిగినవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ దారిలో కావలసింది గేర్ల మధ్య దగ్గరి మెట్లు, గంటల తరబడి కూర్చోగల సీటు.

3. పాత సైకిల్ కొలతలు తీయండి

కొత్త సైకిల్ సైజును మీ పొడుగును బట్టి చూపించే పట్టిక దారి చూపుతుంది, అంతే. ఒక కంపెనీ 54 సైజు, మరో కంపెనీ 54 సైజు ఒకటి కావు. పోల్చవలసినవి రెండు కొలతలు. పెడల్ ఇరుసు మధ్య నుంచి హ్యాండిల్ గొట్టం (ఫ్రేము ముందు భాగంలో హ్యాండిల్ కాడ దూరే గొట్టం) పైఅంచు మధ్య దాకా నిలువు ఎత్తును స్టాక్ అంటారు, అడ్డ దూరాన్ని రీచ్ అంటారు. ప్రతి కంపెనీ తన సైకిళ్ళకు వీటిని ప్రకటిస్తుంది. మీ పాత సైకిల్‌కు ప్రకటించినవి దొరక్కపోతే ఇంట్లోనే కొలుచుకోవచ్చు.

1. నున్నటి చదును నేల మీద సైకిల్‌ను నిలబెట్టి, వెనుక చక్రాన్ని గోడకు ఆనించి, ఒకరిని నిటారుగా పట్టుకోమనండి.
2. గోడ నుంచి పెడల్ ఇరుసు మధ్యకు అడ్డంగా కొలవండి. ఉదాహరణకు 74.8 సెం.మీ.
3. గోడ నుంచి హ్యాండిల్ గొట్టం పైఅంచు మధ్యకు అడ్డంగా కొలవండి. 113.0 సెం.మీ. అనుకుందాం. రెండింటి తేడా 38.2 సెం.మీ., అదే రీచ్.
4. నేల నుంచి పెడల్ ఇరుసు మధ్యకు నిలువుగా కొలవండి, 27.2 సెం.మీ. నేల నుంచి గొట్టం పైఅంచుకు 83.0 సెం.మీ. తేడా 55.8 సెం.మీ., అదే స్టాక్.
5. హ్యాండిల్ కింద ఉన్న రింగుల మొత్తం ఎత్తు, స్టెమ్ (హ్యాండిల్‌ను దాని కాడకు కలిపే ముక్క) పొడవు, హ్యాండిల్ వెడల్పు, సీటు ఎత్తు కూడా పక్కన రాయండి.

గొట్టం పైఅంచును గుర్తించడానికి గోడకు సమాంతరంగా ఒక మట్టపు బద్దను నిలబెట్టి చూస్తే తప్పు తక్కువ వస్తుంది. దారానికి బరువు కట్టి వేలాడదీసినా సరే.

ఇప్పుడు నొప్పితో కలిపి చదవండి. రింగులన్నీ హ్యాండిల్ కిందే ఉన్నా మెడ లాగుతుంటే, కొత్త సైకిల్‌లో స్టాక్ 15 నుంచి 20 మి.మీ. ఎక్కువ ఉండాలి. అరచేతుల మీద బరువు పడి వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే రీచ్ ఎక్కువై ఉండవచ్చు, అయితే ముందు సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి. మోకాళ్ళు మోచేతులకు తగులుతున్నట్టు ఇరుకుగా ఉంటే రీచ్ పెరగాలి. రీచ్‌లో 5 నుంచి 10 మి.మీ. తేడాను స్టెమ్ మార్చి సర్దుకోవచ్చు, అంతకు మించితే ఆ సైజును వదిలేయాలి.

ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. నా రెండో సైకిల్ కొన్నప్పుడు నాకు కావలసిన 54 సైజు షాపులో లేదు. 56 ఉంది, "చిన్న స్టెమ్ వేస్తే సరిపోతుంది" అన్నారు. 70 మి.మీ. స్టెమ్ వేయించుకొని తెచ్చాను. హ్యాండిల్ ఉలిక్కిపడినట్టు తిరిగేది, గంట దాటితే భుజాల మధ్య మంట. సీటు మార్చాను, హ్యాండిల్ మార్చాను, ఎనిమిది నెలలకు నష్టానికి అమ్మేశాను. సైజు దొరకకపోతే నెల ఆగండి.

4. ఫ్రేము తరహాను నిర్ణయించండి

పెద్ద కంపెనీలన్నీ రోడ్డు సైకిళ్ళను రెండు మూడు తరహాల్లో తయారు చేస్తాయి. వంగి తొక్కే రేసు తరహా ఒకటి, కొంచెం నిటారుగా కూర్చునే ఎండ్యూరెన్స్ తరహా మరొకటి. గాలిని చీల్చే ఆకారంతో ఏరో తరహా ఉంటుంది. జెయింట్‌లో టీసీఆర్ రేసుది, డిఫై ఎండ్యూరెన్స్‌ది, ప్రొపెల్ ఏరోది. స్పెషలైజ్డ్‌లో టార్మాక్ రేసుది, రూబే ఎండ్యూరెన్స్‌ది. ట్రెక్‌లో డొమానే, క్యానన్‌డేల్‌లో సినాప్స్ ఎండ్యూరెన్స్ తరహావి.

మన రోడ్లకు, మొదటిసారి మెరుగైన సైకిల్‌కు మారేవారికి నేను ఎండ్యూరెన్స్ తరహానే చెబుతాను. స్టాక్ ఎక్కువ, టైరుకు చోటు ఎక్కువ, చక్రాల మధ్య దూరం కొంచెం ఎక్కువ కాబట్టి గతుకుల్లో నిలకడగా ఉంటుంది. 200 కి.మీ. బ్రెవే (గడువులోపు పూర్తిచేయవలసిన దూరపు రైడు) తొక్కాలన్న కోరిక ఉన్నవారికి ఇదే సరైనది. దానికి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు, అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కి.మీ. లోపే. అక్కడ ఎవరినైనా వెనక్కి లాగేది మెడ, నడుము, పిరుదులే.

వెడల్పుగా, లోతుగా ఉండే ఏరో రిమ్ములను మాత్రం ఇక్కడ మొదటి చక్రాలుగా తీసుకోకండి. ఆషాఢంలో పక్కగాలికి ముందు చక్రం లాగుతుంది. పక్కనుంచి లారీ దాటిన క్షణంలో గాలి ఆగి, మళ్ళీ ఒక్కసారిగా కొట్టినప్పుడు, అలవాటు లేని చేతులకు అది ప్రమాదం.

5. టైరుకు చోటు, చక్రాలు, ముళ్ళు

నన్ను ఒక్క అంకె మాత్రమే చూసి సైకిల్ ఎంచుకోమంటే, ఫ్రేములో పట్టే టైరు వెడల్పును చూస్తాను. కనీసం 32 మి.మీ. పట్టాలి. పాత ఎంట్రీ లెవెల్ సైకిళ్ళలో రిమ్ము బ్రేకుల వల్ల చాలావాటికి 25 లేదా 28 దగ్గరే ఆగిపోతుంది.

ఎందుకు అంత పట్టుబడుతున్నానంటే, మన రైడ్లలో రహదారి ఒక భాగమే. ఊళ్ళలోకి తిరిగితే తారు లేచిపోయిన చోట్లు, పంటకాలంలో రోడ్డు మీద కళ్ళం చేసిన కంది కట్టె, జొన్న కంకులు ఎదురవుతాయి. తాడిపత్రి, జమ్మలమడుగు, నంద్యాల వైపు నల్లరేగడి ఉంది. వాన పడ్డాక రోడ్డు పక్కకు దిగితే ఆ మట్టి టైరుకు చుట్టుకొని, ఫోర్కుకు టైరుకు మధ్య ఇరుక్కొని, చక్రం తిరగడం ఆగిపోతుంది. టైరు పక్కల, పైన వేలు పట్టేంత ఖాళీ ఉన్న ఫ్రేము అయితే పుల్లతో గీకేసి బయలుదేరవచ్చు.

గాలి విషయానికి వస్తే, 70 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో 70 పీఎస్‌ఐ దగ్గర, 32 మి.మీ. టైరులో 55 నుంచి 60 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, గతుకుల్లో రిమ్ము తగలనంత వరకు తగ్గించుకుంటూ రండి. వెనుక చక్రంలో ముందు చక్రం కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. రిమ్ము హుక్ (టైరు అంచును పట్టి ఉంచే లోపలి వంపు) లేని రకమైతే 72.5 పీఎస్‌ఐ దాటకూడదు, ఆ రకానికి పనికివస్తుందని రాసి ఉన్న టైరే వేయాలి. షాపులో ఈ సంగతి తప్పకుండా అడగండి.

ఇక ముళ్ళు. పల్లేరు కాయ, తుమ్మ ముల్లు, కంపచెట్ల ముల్లు, పైన చెప్పిన ఉక్కు తీగ అనే ఈ నాలుగు మన శత్రువులు. ట్యూబ్‌లెస్ టైరులో పోసే ద్రవం పల్లేరు ముల్లంత రంధ్రాన్ని దారిలోనే మూసేస్తుంది కాబట్టి, మన ప్రాంతంలో ట్యూబ్‌లెస్‌కు వీలున్న చక్రాలకు కొంచెం ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. అయితే ఆ ద్రవం వేడికి త్వరగా ఎండిపోతుంది. మార్చి నుంచి జూన్ దాకా నెలకోసారి చక్రాన్ని చెవి దగ్గర ఊపి, ద్రవం కదిలే చప్పుడు వినండి. చప్పుడు లేకపోతే మళ్ళీ పోయాలి. అంత శ్రద్ధ పెట్టలేనివారు, ముళ్ళను ఆపే పొర ఉన్న కాంటినెంటల్ గేటర్‌స్కిన్ లాంటి గట్టి టైర్లలో మామూలు ట్యూబులు వేసుకోవడమే మంచిది.

- రోడ్డు సైకిల్ ట్యూబుల సన్న వాల్వు పెట్రోలు బంకు గాలి గొట్టానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్‌ను సీటు సంచిలో వేసుకోండి.
- ట్యూబ్‌లెస్ వాడినా ఒక ట్యూబు, రెండు టైరు లీవర్లు, పంపు వెంట ఉండాలి.

6. గేర్లు: ముందు పళ్ళు, తర్వాత పేరు

గేర్లు, బ్రేకులు తయారుచేసే షిమానో కంపెనీ వరుసలో క్లారిస్‌కు వెనుక 8, సోరాకు 9, టియాగ్రాకు 10 గేర్లు ఉంటాయి. 105 కొన్నేళ్ళు 11తో ఉండి, ఇప్పుడు 12కు మారింది. ఎలక్ట్రానిక్ 105 2022లో, తీగతో పనిచేసే 12 గేర్ల 105 2023లో వచ్చాయి. ఈ 12 గేర్ల 105 డిస్క్ బ్రేకులకు మాత్రమే. క్యూస్ అనే కొత్త వరుస ఎక్కువకాలం మన్నేలా తయారైంది, కానీ దాని భాగాలు పాత వరుసలతో కలవవు.

పేరు కంటే ముందు చూడవలసింది, ముందు చిన్న చక్రం పళ్ళు, వెనుక పెద్ద చక్రం పళ్ళు. ముందు 34, వెనుక 28 ఉంటే క్రాంకు ఒక చుట్టుకు సైకిల్ సుమారు 2.6 మీటర్లు కదులుతుంది. వెనుక 34 ఉంటే 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే మొదటిదాని వేగం గంటకు 9 కి.మీ. పైన, రెండోదానిది 8 లోపు. ఘాట్‌లో మోకాళ్ళను కాపాడేది ఈ తేడాయే. గువ్వలచెరువు, శ్రీశైలం ఎక్కాలనుకునేవారు ముందు 34, వెనుక 34 ఉన్నదాన్నే అడగండి. అనంతపురం చదునులో మాత్రమే తొక్కేవారికి వెనుక 30 లేదా 32 చాలు, గేరుకు గేరుకు మధ్య మెట్టు చిన్నదై ఎదురుగాలిలో కాళ్ళ లయ చెడదు.

క్లారిస్ నుంచి సోరాకు మాత్రమే మారడానికి కొత్త సైకిల్ కొనడం నాకు సబబుగా అనిపించదు. టియాగ్రా, 105, లేదా క్యూస్ దాకా వెళ్ళగలిగినప్పుడు మారండి.

7. బ్రేకులు

డిస్క్ తీసుకోండి. దిగుడులో చేతులు అలసిపోకపోవడం ఒక కారణం అయితే, వెడల్పు టైరుకు చోటు దొరకడం అంతకంటే పెద్ద కారణం. కేబుల్ డిస్క్‌ను ఎవరైనా సర్దగలరు. హైడ్రాలిక్ డిస్క్ బలం ఎక్కువ, సర్దుబాటు తక్కువ, కానీ నూనె మార్చవలసి వచ్చినప్పుడు మన పట్టణాల్లోని మామూలు సైకిల్ షాపుకు ఆ పని అలవాటు ఉండదు. కొనే ముందే మీ ఊళ్ళో ఎవరు చేస్తారో కనుక్కోండి, లేదా కిట్టు కొని నేర్చుకోండి. షిమానో బ్రేకులకు మినరల్ ఆయిలే వాడాలి. మోటారు సైకిల్ బ్రేకు ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు పాడవుతాయి.

8. అల్యూమినియమా, కార్బనా?

మొత్తం ధర ఒకటే అయినప్పుడు, తక్కువ గేర్ల కార్బన్ సైకిల్ కంటే మంచి గేర్లు, మంచి చక్రాలు, కార్బన్ ఫోర్కు ఉన్న అల్యూమినియం సైకిల్ మేలు. కార్బన్ ఫ్రేము కొంటే టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్) కూడా కొనండి. బిగింపుల పక్కన 5 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటే, చేతి అంచనాతో బిగించకూడదు.

డబ్బు విషయంలో, మీ దగ్గర ఉన్నదాంట్లో ఐదో వంతును టైర్లు, సీటు, పెడళ్ళు, పనిముట్లు, స్టెమ్ మార్పు కోసం పక్కన పెట్టి, మిగతా దానికే సైకిల్ వెతకండి. సైకిళ్ళ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి, పాత ధరల జాబితా చూపిస్తే ఆ సంగతి గుర్తుచేయండి.

9. షాపులో

అనంతపురంవారు బెంగళూరుకు, కర్నూలువారు హైదరాబాదుకు వెళ్ళక తప్పని పరిస్థితి చాలాసార్లు ఉంటుంది. రానూపోనూ ఒక రోజు పోతుంది కాబట్టి, మీ సైజు సైకిల్ నిజంగా షాపులో ఉందని, తొక్కి చూడనిస్తారని ఫోనులో ఖాయం చేసుకొనే బయలుదేరండి.

- 3వ అంశంలోని కొలతల కాగితం, టేపు, మీ షూ, మీ పెడళ్ళు వెంట తీసుకెళ్ళండి.
- తొక్కే ముందు సీటు ఎత్తును మీ కొలతకు పెట్టించండి, టైర్లలో గాలిని మీరే చూడండి. గట్టిగా గాలి నింపిన సైకిల్ చురుగ్గా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది.
- కనీసం అరగంట తొక్కండి. పది నిమిషాలు హ్యాండిల్ కింది వంపుల మీదే ఉండండి.
- పెద్ద గేరు నుంచి చిన్న గేరుకు, బరువు వేసి తొక్కుతున్నప్పుడు మార్చి చూడండి.
- పెడల్ ఇరుసు మర బిగింపు రకమా, నొక్కి బిగించే రకమా అని అడగండి. మర రకమైతే సర్వీసు సులువు, దుమ్ములో కిర్రుమనడం తక్కువ.
- రెండు సైజుల మధ్య ఊగిసలాడితే, స్టాక్ సరిపోతే చిన్నదాన్ని తీసుకోండి.

10. వాడిన సైకిల్ కొంటుంటే

అదే డబ్బుకు ఒక మెట్టు పై సైకిల్ దొరుకుతుంది, కానీ పగటి వెలుగులో, కడిగిన సైకిల్‌నే చూడండి. చైనును స్కేలుతో కొలవండి. రిమ్ము బ్రేకు అయితే రిమ్ము పక్కలు లోపలికి గుంట పడ్డాయేమో వేలితో తడమండి. షిమానో డిస్క్ మందం 1.5 మి.మీ. కంటే తగ్గితే మార్చాలి, ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగండి.

కార్బన్ అయితే పెడల్ ఇరుసు చుట్టూ, సీటు బిగింపు దగ్గర, వెనుక చక్రం పక్క గొట్టాల మీద టార్చి వెలుగును ఏటవాలుగా వేసి పగుళ్ళు వెతకండి. రూపాయి బిళ్ళతో మెల్లగా తట్టుకుంటూ పోతే గట్టి చప్పుడు ఒక్కసారిగా మొద్దుగా మారిన చోట అనుమానించాలి. సీటు గొట్టాన్ని బయటికి తీయించండి. అది రాకపోతే, ఇరుక్కుపోయిందన్నమాట, ఆ సైకిల్‌ను వదిలేయండి. కొన్న రసీదు లేని సైకిల్‌ను ఎంత చవకైనా తీసుకోవద్దు.

11. ఇంటికి తెచ్చుకోవడం, మొదటి 300 కిలోమీటర్లు

బస్సు డిక్కీలో తెచ్చేటప్పుడు ముందు చక్రం విప్పి, డీరైలర్ ఉన్న పక్కను పైకి ఉంచండి. హైడ్రాలిక్ బ్రేకు ఉంటే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ళను కానీ, మడిచిన అట్టముక్కను కానీ పెట్టండి. చక్రం లేనప్పుడు బ్రేకు నొక్కితే ప్యాడ్లు దగ్గరికి వచ్చి డిస్క్ మళ్ళీ దూరదు. అలా జరిగితే కంగారుపడి స్క్రూడ్రైవర్‌తో ప్యాడ్ల మీద పొడవకండి. ప్యాడ్లు తీసేసి, పిస్టన్లను ప్లాస్టిక్ టైరు లీవరుతో మెల్లగా వెనక్కి నెట్టాలి.

కొత్త డిస్క్ ప్యాడ్లకు మొదటి రోజే పని చెప్పాలి. ఖాళీ రోడ్డులో గంటకు 20 కి.మీ. వేగం నుంచి నడక వేగం దాకా, పూర్తిగా ఆగకుండా, 20 సార్లు తగ్గించండి. లేకపోతే బ్రేకు కీచుమంటుంది, పట్టు కూడా తక్కువగా ఉంటుంది.

మొదటి వారం పాత సైకిల్ మీది సీటు ఎత్తు, సీటు వాలు అలాగే పెట్టి తొక్కండి, తర్వాత ఒకసారికి ఒక్క మార్పే, అదీ 5 మి.మీ. మించకుండా చేయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు. కేబుల్ గేర్లు 200 నుంచి 300 కి.మీ. తర్వాత తొడుగులు కుదురుకొని కొంచెం తప్పుతాయి. డీరైలర్ దగ్గరి సర్దుబాటు మరను పావు చుట్టు తిప్పితే సరవుతుంది.

300 కి.మీ. అయ్యాక ఈ నాలుగు చూడండి.

- స్టెమ్, హ్యాండిల్, సీటు గొట్టం బోల్టులను టార్క్ రెంచ్‌తో సరిచూడండి.
- ముందు బ్రేకు నొక్కి సైకిల్‌ను ముందుకు వెనక్కి ఊపండి. హ్యాండిల్ గొట్టంలో టకటక తగిలితే హెడ్‌సెట్ (ఆ గొట్టంలోని బేరింగులు) బిగించాలి.
- చక్రం తిప్పి వంకర చూడండి. కొత్త స్పోకులు ఈ పాటికి వదులవుతాయి, ఒకసారి సరిచేయిస్తే చాలాకాలం నిలుస్తాయి.
- చైనును గుడ్డతో తుడిచి, పొడి వాతావరణానికి పనికివచ్చే తేలిక నూనెను లింకుకు ఒక చుక్క చొప్పున వేసి, పైది తుడిచేయండి. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు, బండల దుమ్ములో తొక్కినవారు ప్రతి రైడు తర్వాత తుడవాలి, తడి నూనె వేస్తే ఆ దుమ్ము చైనుకు సానరాయిలా అంటుకొని పళ్ళను తినేస్తుంది.